నేను ఎక్కని మస్కట్ విమానం

బాపట్లలో ఒక కాలేజీ హాస్టల్లో నేను చాలా ఏళ్లు వంట చేశాను. మాది రేపల్లె దగ్గర పెనుమూడి. మా ఆయన అక్కడే ఒక రొయ్యల చెరువు మీద కాపలా ఉంటారు. వారమంతా నేను బాపట్లలో, వంటవాళ్లకిచ్చిన గదిలో ఉండి, ఆదివారం బస్సెక్కి ఇంటికి వెళ్లేదాన్ని. భయమంటే నాకు అప్పట్లో తెలిసింది ఒక్కటే. పెద్ద డేగిసా వంచి గంజి వార్చేటప్పుడు కాలు జారుతుందేమోనన్న భయం.

ఒక వేసవిలో మెస్ కాంట్రాక్టు చేతులు మారింది. కొత్త కాంట్రాక్టరు తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. సెలవుల తర్వాత రానక్కర్లేదని మాకు కబురు చేశారు. ఇంటికొచ్చి కూర్చున్నాను. మా ఊళ్లో పొలం పనికి పిలుస్తూనే ఉన్నారు గాని, నా చేతికొచ్చిన పని వంట. అది పోయాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పుడే, హాస్టల్‌కి కూరగాయలు తోలే ఆటో అతను ఫోన్ చేసి, తెనాలిలో ఒక ఏజెంటు ఉన్నాడని, గల్ఫ్‌లో వంటమనుషులు కావాలంటున్నాడని చెప్పాడు. మా ఆయన వద్దనలేదు, సరే అనలేదు. పక్క గదిలోకి వెళ్లి చెప్పుల వార్లు బిగించుకుంటూ చాలాసేపు కూర్చున్నారు.

ఆ ఆఫీసు కాలువ పక్క వీధిలో, ఒక మందుల షాపు మేడ మీద ఉండేది. మెట్లెక్కగానే గోడ మీద పెద్ద విమానం బొమ్మ. ఏజెంటు నలభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, మెత్తటి గొంతు. ఆడవాళ్లెవరొచ్చినా లేచి నిలబడి, ఫ్యాను మనవైపు తిప్పి, మజ్జిగ తెప్పించేవాడు. నన్ను మొదటి మాట నుంచే చెల్లెమ్మా అని పిలిచాడు.

"మస్కట్‌లో ఒక పెద్దావిడ చెల్లెమ్మా. మంచం దిగలేదు. ఆవిడకి వండిపెట్టి, వేళకి మందులివ్వడమే. సొంత ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది," అన్నాడు.

నా పక్కన బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. తలమీద నల్ల చున్నీ, చూపుడువేలికి సూది గుచ్చుకున్న మచ్చలు. ఆవిడ నా జాకెట్టు చెయ్యి పట్టుకుని చూసి, "ఎవరు కుట్టారమ్మా ఇది? చంకలో లాగేస్తోంది చూడు," అంది. అలా పరిచయమైంది. తెనాలిలోనే పుట్టి పెరిగిన మనిషి. భర్త పోయాడు. తల్లితో కలిసి ఇంట్లోనే మిషన్ కుట్టేది. ఆవిడకి మస్కట్‌లో బట్టల షాపులో టైలరు పని అని చెప్పారు. నాకంటే కాస్త పెద్దది. ఆ పూటే నేను అక్కా అన్నాను, తను చెల్లీ అంది.

అక్క నాకంటే ధైర్యస్తురాలు. నేను అడగడానికి జంకిన మాట తనే అడిగింది.

"సార్, మనుషుల్ని విదేశాలకి పంపాలంటే సెంట్రల్ గవర్నమెంటు లైసెన్సు ఉండాలంటారు కదండీ. మీకుందా?"

ఆయన నవ్వి గోడకున్న అద్దాల ఫ్రేము చూపించాడు. "లేకుండా బోర్డు పెట్టుకుంటానా అమ్మా? అదిగో, ముద్ర కనపట్లేదూ?"

ముద్ర కనిపించింది. అది దేని ముద్రో మేం దగ్గరికెళ్లి చదవలేదు. మజ్జిగ తాగి, పాస్‌పోర్టులు ఆయన చేతిలో పెట్టి మెట్లు దిగాం.

ప్రయాణానికి ముందు ఆయన మా ఇద్దర్నీ మళ్లీ పిలిపించాడు. నాకు భయం మొదలైంది ఆ రోజే. మాకొచ్చింది పని వీసా కాదని, చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లకిచ్చే విజిట్ వీసా అని అప్పుడు చెప్పాడు. అక్కడికి వెళ్లాక మార్చేస్తారట. అందరూ అలాగే వెళ్తున్నారట.

"ఎయిర్‌పోర్టులో పని అన్నమాట నోటివెంట రాకూడదు. మా పిన్ని కూతురు ఉంది, చూడ్డానికి వెళ్తున్నాను అనాలి. ఎన్నిసార్లడిగినా అదే. తడబడ్డావంటే నీ ఖర్మ చెల్లెమ్మా," అన్నాడు. గొంతు మాత్రం మెత్తగానే ఉంది.

పొద్దున రైల్లో హైదరాబాదు వెళుతూ అక్క నా చేత ఆ అబద్ధం వల్లె వేయించింది. పిన్ని కూతురి పేరు, ఆవిడ భర్త పేరు, వాళ్లుండే వీధి. కృష్ణ దాటేవరకూ బాగానే చెప్పాను. ఆ తర్వాత స్టేషన్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటీ జారిపోసాగింది. పేరు గుర్తుంటే వీధి మర్చిపోతున్నాను. అరచేతులు చెమటలు పట్టి, చీర కొంగుకి తుడుచుకుని తుడుచుకుని కొంగు తడిసిపోయింది.

"నువ్వేం దొంగతనం చెయ్యట్లేదే. వండుకోడానికి పోతున్నావ్. నా మొహం చూడు, చెప్పు మళ్లీ," అనేది అక్క.

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో మమ్మల్ని వేరే వేరే వరసల్లో నిలబడమని ముందే చెప్పారు. అక్క ముందు వెళ్లింది. కౌంటరులో అబ్బాయి ఏదో అడిగాడు, తనేదో చెప్పింది, ముద్ర పడింది. వెనక్కి తిరిగి నాకేసి చూసి కనుబొమలు ఎగరేసింది. అంతే, అయిపోయింది కదా అన్నట్టు.

నా కౌంటరులో ఒక ఆడ ఆఫీసరు ఉంది. వయసు నాదే ఉంటుంది. పాస్‌పోర్టు తిరగేసి చివరి పేజీ చూసి, తెలుగులోనే అడిగింది.

"ఎక్కడికమ్మా?"

"మస్కట్ అండి. మా పిన్ని కూతురుంది. చూడ్డానికండి."

"ఎంత కాలమైంది ఆవిడ అక్కడికెళ్లి?"

ఆ ప్రశ్న మేం వల్లె వేయలేదు.  "చాలా రోజులైందండి," అన్నాను.

"పిల్లలెంతమంది?"

కొంగుకి చేతులు తుడుచుకున్నాను. ఆవిడ నా ముఖం చూడ్డం మానేసి నా చేతులు చూస్తోంది. ముంజేతుల నిండా నూనె చిందిన మచ్చలు, మోచేతి దగ్గర ఆవిరి కొట్టిన మచ్చ.

"వంట పనా?" అంది నెమ్మదిగా.

అవునండి అన్నాను. ఎందుకన్నానో ఈనాటికీ తెలియదు. అబద్ధం మోయలేక కాదు. ఆ మాట అడిగిన తీరు అలా ఉంది, అంతే.  ఇద్దరు పోలీసులు వస్తారనీ, చేతులకి బేడీలు వేస్తారనీ, టీవీలో చూపిస్తారనీ, మా ఆయన చెరువు గట్టు మీద ఎవరి ఫోన్లోనో అది చూస్తారనీ, అన్నీ వరసగా కళ్లముందు జరిగిపోయాయి.

నన్నో గదిలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. ఆవిడే వచ్చి చెప్పింది. నేను పదో తరగతి పాసవలేదు కాబట్టి నా పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుందట. అలాంటివాళ్లు గల్ఫ్ దేశాలకి పనికి వెళ్లాలంటే ముందుగా ప్రభుత్వం అనుమతి ఇవ్వాలట. పని ఇచ్చేదెవరు, జీతమెంత, పంపే ఏజెంటుకి లైసెన్సుందా అన్నీ చూశాకే ఆ అనుమతి వస్తుందట. ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లనైతే మామూలు ఏజెంట్లు పంపనే కూడదట, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలట.

"ఇదంతా తప్పించుకోడానికే మిమ్మల్ని విజిట్ వీసా మీద పంపుతారమ్మా. అక్కడ దిగాక మీరెక్కడున్నారో మాకు తెలియదు. మీరసలు పనికెళ్లినట్టే లెక్కలో ఉండదు," అంది.  "మీతో ఇంకెవరైనా వచ్చారా?"

"వచ్చిందండి. మా అక్క. అదిగో, అటు వెళ్లిపోయింది. ఆవిడ్నీ ఆపండి," అన్నాను.

అక్కని వెనక్కి పిలిపించారు. బ్యాగు భుజానికి వేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. నన్ను చూసింది. ముఖం నల్లబడింది.

"ఈవిడ మీతోనే వచ్చానంటున్నారు. పనికి వెళ్తున్నారా మీరు?"

"లేదండి. మా చుట్టాల ఇంటికి. ఈవిడెవరో నాకు తెలీదండి."

"అక్కా!" అన్నాను.

"తెలీదండి," అంది మళ్లీ, నాకేసి చూడకుండా.

తను పదో తరగతి పాసైంది. తన పాస్‌పోర్టుకి ఆ తనిఖీ లేదు. తిరుగు టికెట్ ఉంది, చేతిలో కాగితాలన్నీ ఉన్నాయి. ఆపడానికి వాళ్లకి వీలు లేకపోయింది. ఆఫీసరు ఒక్కటే చెప్పింది, అక్కడ ఏం కష్టమొచ్చినా మన ఎంబసీకి ఫోన్ చెయ్యమని. అక్క తలూపి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు తన చెప్పుల చప్పుడు చాలాసేపు వినిపించింది నాకు.

నాకు బేడీలు వేయలేదు. పాస్‌పోర్టు చేతికిచ్చి, ఇంటికెళ్లమన్నారు.

బయటికి రాగానే ఏజెంటు ఫోన్. "లోపలేం చెప్పావ్ చెల్లెమ్మా?" అన్నాడు. ఏం చెప్పలేదండి, తడబడ్డాను, వెనక్కి పంపేశారు అన్నాను.  ఆయన ఫోన్ పెట్టేశాడు. తిడితే బాగుండేదనిపించింది.

ఇంటికొచ్చాక ఆ పాస్‌పోర్టు ఎక్కడ పెట్టాలో తోచలేదు. బీరువాలో పెట్టాను, తీశాను. దేవుడి పటం వెనక పెట్టాను, తీశాను. చివరికి బియ్యం డబ్బాలో, అడుగున పెట్టాను. వీధిలో బండి ఆగినప్పుడల్లా తలుపు సందులోంచి చూసేదాన్ని. మా ఆయన చెరువు దగ్గర్నుంచి రోజుకి రెండుసార్లు ఏదో వంక మీద ఇంటికొచ్చి వెళ్లేవారు.

ఒక సాయంత్రం ఏజెంటు రానే వచ్చాడు. తోడుగా ఇంకో లావుపాటి మనిషి. కారు వీధి చివర ఆపి నడిచి వచ్చారు. చేతిలో కొల్లూరు అరటిపళ్ల అత్తం. మంచం మీద కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగాడు. పిల్లలున్నారా అని అడిగాడు. లేరండి అన్నాను. "అయ్యో," అన్నాడు, నిజంగా బాధపడ్డట్టే.

"జరిగిందేదో జరిగింది. వచ్చేవారం కొచ్చిన్ నుంచి పంపిస్తా. అక్కడ మనవాడే ఉంటాడు కౌంటర్లో. పాస్‌పోర్టు ఇలా ఇవ్వు చెల్లెమ్మా."

 బియ్యం డబ్బా ఆయన మోచేతికి ఆనుకునే ఉంది.

"ఎయిర్‌పోర్టులోనే ఉంచేసుకున్నారండి," అన్నారు మా ఆయన.

గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు, లుంగీ బురదతో. పెళ్లైనప్పట్నుంచీ మా ఆయన ఒక అబద్ధం ఆడగా నేను చూడలేదు. బస్సులో కండక్టరు టికెట్ అడగడం మర్చిపోతే తనే పిలిచి ఇచ్చే మనిషి.

ఏజెంటు ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు. "అలాగా. సరే. ఒక్క మాట గుర్తుపెట్టుకో. సర్కారోళ్ల ముందు నిలబడి అబద్ధం చెప్పింది నువ్వు. నేను కాదు. ఎక్కడైనా నోరు తెరిచావంటే ముందు లోపలికెళ్లేది నువ్వే." లేచి, మా ఆయన భుజం తట్టి వెళ్లిపోయాడు. ఆ పళ్లు మేం తినలేదు. పారేయడానికీ భయమేసింది. అవి మంచం మీదే నల్లబడిపోయాయి.

నిజంగానే నన్ను జైల్లో పెడతారని నేను నమ్మాను. ఆ రోజుల్లో రేపల్లె సంతకి వెళ్లి, ఖాకీ చొక్కా కనపడితే పక్క సందులోకి తిరిగిపోయేదాన్ని. అన్నం సహించేది కాదు.

అలాంటప్పుడు ఒక మధ్యాహ్నం ఫోన్లో వాయిస్ మెసేజ్ వచ్చింది. ముక్కూముఖం తెలియని నంబరు, విదేశపుది. నొక్కితే అక్క గొంతు. గుసగుసగా, పరిగెత్తి వచ్చినట్టు ఆయాసపడుతోంది.

"చెల్లీ, ఇది ఇంకొకామె ఫోను. తిరిగి చెయ్యకు. టైలరింగూ లేదు, షాపూ లేదు. దిగిన రోజు ఒక ఆఫీసుకి తీసుకెళ్లి కుర్చీల్లో వరసగా కూర్చోబెట్టారు. ఎవరెవరో వచ్చి చూసి, లేపి నిలబెట్టి చూసి తీసుకెళ్తున్నారు. నన్నో ఇంట్లో పెట్టారు. పొద్దస్తమానం పని. ఇంటికి పోతానంటే పాస్‌పోర్టూ ఫోనూ లాక్కున్నారు. బయటికి పోతే తాళం వేసి పోతారు. అమ్మీకి చెప్పకు, తట్టుకోలేదు. ఎవరైనా పెద్దోళ్లకి చెప్పు చెల్లీ. నువ్వే చెప్పాలి."

ఎవరో తలుపు తీసిన చప్పుడు. అక్కడితో ఆగిపోయింది.

నేను పొయ్యి ముందు కూర్చుండిపోయాను. ఆ కుర్చీల వరస కళ్లముందు నుంచి కదల్లేదు. అందులో నా కుర్చీ కూడా ఉంది, ఖాళీగా. పెద్దావిడా లేదు, మందులూ లేవు. ఆ ఆఫీసరు నా చేతులు చూడకపోయుంటే నేనూ అక్కడే.

వాళ్లమ్మకి చెప్పకుండా ఎలా? కన్నతల్లి లేకుండా నా మాట ఎవరు వింటారు? మర్నాడు రేపల్లెలో రైలెక్కి తెనాలి వెళ్లాను. ఏజెంటు ఆఫీసున్న వీధి తప్పించుకుని, చుట్టూ తిరిగి, అడుగుతూ అడుగుతూ ఆ ఇల్లు పట్టుకున్నాను. ముసలావిడ మిషన్ ముందు కూర్చుని ఉంది. నేనెవరో చెప్పగానే తొక్కడం ఆపింది.

"నువ్వేనా? నా కూతురు బాగుపడుతోందని ఓర్వలేక ఎయిర్‌పోర్టులో పట్టించబోయావంట. ఆ సార్ చెప్పాడు. అది అక్కడ సుఖంగా ఉందంట. పో ఇక్కణ్నించి," అంది.

 ఫోన్ మిషన్ బల్ల మీద పెట్టి మెసేజ్ నొక్కాను.

ఆవిడ ఒకసారి విని, మళ్లీ పెట్టమంది. మూడోసారి వినేటప్పుడు వేళ్లు చెవులకి అడ్డం పెట్టుకుంది. తర్వాత లేచి, దండెం మీది దుప్పటా తీసుకుని తలమీద కప్పుకుంది. "ఎక్కడికెళ్లాలో చెప్పు. వస్తా," అంది.

నాకూ తెలియదు. నాకు తెలిసిన పెద్ద ఊరు బాపట్ల. ఇప్పుడదే మా జిల్లా ముఖ్యపట్నం. సోమవారం సోమవారం అక్కడి కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారని విని ఉన్నాను. అలా ఆవిడా, నేనూ, మా ఆయనా ఒక సోమవారం బాపట్లలో దిగాం. ఆ ఎండలో జనం చాలా మంది ఉన్నారు. పాస్‌బుక్కుల గొడవలు, గట్టు తగాదాలు, పింఛన్లు. మేం వరసలో నిలబడ్డాం. నా చెయ్యి ముసలావిడ పట్టుకుందో, ఆవిడ చెయ్యి నేను పట్టుకున్నానో తెలియదు.

వరస సగం కదిలాక ఫోన్ మోగింది. ఏజెంటు. ఎత్తకపోతే అనుమానం వస్తుందని ఎత్తాను.

"ఎక్కడున్నావ్ చెల్లెమ్మా?"

"ఇంట్లోనేనండి."

మెత్తగా అడిగాడు. "బాపట్లలో ఎండ ఎలా ఉంది?"

నా చేతిలోంచి ఫోన్ జారి కింద పడింది. చుట్టూ చూశాను. ప్రతి ముఖమూ వాడి మనిషిలాగే ఉంది. కొబ్బరినీళ్ల బండి దగ్గర నిలబడ్డవాడు, బైకు మీద కూర్చుని బీడీ కాల్చేవాడు, మా వెనకాల వరసలో ఉన్న ముసలాయన కూడా. ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. "పోదాం పదండి. ఇంటికి పోదాం," అన్నాను మా ఆయనతో. నిజంగానే వరసలోంచి బయటికి అడుగేశాను.

ముసలావిడ నా చెయ్యి వదల్లేదు. "నువ్వు పోతే నా బిడ్డ మాట ఎవరు చెప్తారమ్మా? నాకు ఆ ఎయిర్‌పోర్టు సంగతి తెలీదు, ఆ వీసా సంగతి తెలీదు. కావాలంటే నా వెనకాల దాక్కో. కానీ పోకు," అంది. ఆవిడ నా భుజం దాకా కూడా రాదు. నేను మళ్లీ వరసలో నిలబడ్డాను. 

లోపల మమ్మల్ని పోలీసుల బల్ల దగ్గరికి పంపారు, అక్కడ ఒక మహిళా పోలీసు అధికారి మా మాట విన్నది. వాయిస్ మెసేజ్ వింటున్నంతసేపూ పెన్ను కదపలేదు. ఆఫీసు తెనాలిలో ఉంది కదా, అది వేరే జిల్లా కదా, మమ్మల్ని పొమ్మంటారేమోనని నేను ముందే ఏడవడం మొదలుపెట్టాను.

"ఏ స్టేషన్లో ఇచ్చినా రాసుకుంటామమ్మా. తర్వాత అక్కడికి పంపుతాం. కూర్చోండి," అంది.

"నేను అబద్ధం చెప్పానండి ఎయిర్‌పోర్టులో. నన్ను ముందు లోపల వేస్తారన్నాడండి."

ఆవిడ తలెత్తి చూసింది. "లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపడం నేరం. మిమ్మల్ని పంపినవాడిది నేరం. మీరు సాక్షి."

అక్కడే కంప్యూటర్లో చూశారు. పంపడానికి అనుమతున్న ఏజెంట్లందరి పేర్లూ ప్రభుత్వం వెబ్‌సైటులో ఉంటాయట, ఎవరైనా చూసుకోవచ్చట. మా తెనాలి ఆయన పేరు అందులో లేదు. గోడ మీద మాకు చూపించిన ఫ్రేము, టికెట్లు అమ్ముకోడానికి పురపాలక సంఘం ఇచ్చే షాపు లైసెన్సని తర్వాత తేలింది. అక్క వివరాలన్నీ అడిగి, మస్కట్‌లో మన ఎంబసీకి ఫిర్యాదు పంపారు.

ఆ తర్వాత కొన్నాళ్లు మా ఆయన చెరువు పని మానేసి ఇంట్లోనే ఉన్నారు. పగలు కూడా తలుపు గడియ వేసుకునేవాళ్లం. ముసలావిడని ఒంటరిగా వదల్లేక మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆవిడ వేళకి నమాజు చేసుకునేది, మిగిలిన వేళంతా నా జాకెట్లన్నీ విప్పి మళ్లీ కుట్టేది. చేతులు ఊరుకుంటే పిచ్చెక్కుతుందనేది.

ఏజెంటుని తెనాలిలో పట్టుకున్నారని ఫోన్ వచ్చింది. ఆఫీసులో ఇంకా చాలా మంది ఆడవాళ్ల పాస్‌పోర్టులు దొరికాయట. గుర్తుపట్టడానికి నన్ను స్టేషనుకి రమ్మన్నారు. బల్ల ముందు కూర్చుని ఉన్నాడు, అదే తెల్ల చొక్కా. నన్ను చూడగానే లేచి నిలబడబోయాడు, అలవాటు కొద్దీ. "బాగున్నావా చెల్లెమ్మా?" అన్నాడు. తిట్టినా, బెదిరించినా అంత భయపడేదాన్ని కాదు. "ఈయనేనండి," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను.

అక్క రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఎంబసీ వాళ్లు ఆ ఇంటివాళ్లని పిలిపించడం, వాళ్లు పాస్‌పోర్టు ఇవ్వం పొమ్మనడం, అక్కని ఎంబసీ ఆశ్రయంలో ఉంచడం, ఇవన్నీ మాకు ముక్కలు ముక్కలుగా తెలిసేవి. ఒకరోజు తనే ఫోన్ చేసింది, ఆశ్రయం నుంచి.  తల్లీ కూతుళ్లు ఫోన్లో ఏడుస్తుంటే నేను పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను.

తెనాలి స్టేషన్లో అక్క రైలు దిగినప్పుడు నేను గుర్తుపట్టలేకపోయాను. మనిషి సగమైంది. జుట్టు భుజాల దాకా కత్తిరించేశారు. ఇంట్లో జుట్టు రాలుతోందని ఆ ఇల్లాలు కత్తిరించిందట. అక్క నా ముందుకొచ్చి ఆగింది. 

"ఆ రోజు నువ్వెవరో తెలీదన్నాను," అంది.

"పద అక్కా, ఎండగా ఉంది," అన్నాను. 

ఏజెంటుకి బెయిలొచ్చింది. కేసు నడుస్తూనే ఉంది. వాయిదాకి వెళ్లినప్పుడల్లా కోర్టు వరండాలో ఎక్కడో ఒకచోట ఉంటాడు. ఒకసారి రేపల్లె బస్టాండులో నా వెనకే వచ్చి నిలబడ్డాడు. బస్సు వచ్చింది, నేనెక్కాను, ఆయన ఎక్కలేదు. కిటికీలోంచి చూస్తే చేతులు కట్టుకుని బస్సుకేసి చూస్తున్నాడు. ఆ రోజు పెనుమూడిలో దిగకుండా, కృష్ణ మీది వంతెన దాటి అవతలిదాకా వెళ్లి, వేరే బస్సులో వెనక్కి వచ్చాను.

నేను మళ్లీ బాపట్లలోనే పనిలో చేరాను, వేరే హాస్టల్లో. ఆదివారాలు పిల్లలంతా సూర్యలంక బీచికి పోతారు, వంట తక్కువ. అలాంటి ఒక ఆదివారం అక్క వచ్చి, మెట్ల మీద కూర్చుని, ఉల్లిపాయలు ఒలుస్తున్న నాతో చెప్పింది.

"చెల్లీ, నేను మళ్లీ వెళ్తున్నా."

కత్తిపీట పక్కకి పెట్టాను. "ఎక్కడికి?"

"జోర్డాన్. బట్టల ఫ్యాక్టరీ. టైలరు పని."

"నీకు మతి గానీ పోయిందా?"

"పోలేదు. ఏజెంటు నంబరు ఆ వెబ్‌సైటులో నేనే చూశా. ఆఫీసుకెళ్లి లైసెన్సు నా కళ్లతో చదివా. ఒప్పందం తెలుగులో చదివించుకున్నా. పని వీసా, ఇన్సూరెన్సు, అన్నీ ఉన్నాయి. వెళ్లేముందు ఒకరోజు క్లాసు చెప్తారంట, అక్కడ మన హక్కులేంటో." నా ముఖం చూసి ఆగింది. "నాకు కుట్టడం వచ్చు చెల్లీ. వాళ్లెవరో నన్ను తాళం వేసి ఉంచారని, ఇక జన్మంతా నేనే తాళం వేసుకుని కూర్చోనా?"

 వద్దని ఏడ్చాను. వాళ్లమ్మ కూడా ఏడ్చింది గాని, వద్దనలేదు.

ఆ క్లాసుకి నేనూ తోడు వెళ్లాను. గది నిండా వెల్డర్లు, డ్రైవర్లు, తాపీ పనివాళ్లు, పదిమందిలోపు ఆడవాళ్లు. ముందు నిలబడ్డాయన పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలో, జీతం ఆపితే ఎవరికి చెప్పాలో చెబుతుంటే అక్క చెయ్యెత్తి ప్రశ్న మీద ప్రశ్న వేసింది. నేను తలుపు పక్క కుర్చీలో కూర్చుని, అక్కడున్న ఒక్కొక్క ముఖం చూస్తూ, వీళ్లలో ఎవరు తిరిగి వస్తారు, ఎవరు రారు అని అనుకుంటూనే ఉన్నాను. అది తప్పని తెలుసు. మనసు వినలేదు.

అక్క వెళ్లి ఏడాది దాటింది. శుక్రవారం సెలవు, వీడియో కాల్ చేస్తుంది. ఒళ్లు చేసింది. గదిలో ఇంకో ముగ్గురున్నారు, ఒకామె శ్రీకాకుళం మనిషి. జీతం వేళకి వస్తోందంటుంది, ఓవర్‌టైము ఎక్కువగా చేయిస్తున్నారంటుంది, చలి తట్టుకోలేకపోతున్నానంటుంది. అవన్నీ విన్నాక నేను అడుగుతాను.

"అక్కా, ఫోన్ పట్టుకుని బయటికి నడువు. గేటు దాకా."

"మళ్లీ మొదలెట్టావా?"

"నడువక్కా."

తిట్టుకుంటూనే నడుస్తుంది. మెట్లు, వరండా, గేటు. గేటు దాటి రోడ్డు మీదికి వస్తుంది. వెనకాల కొండలు, రొట్టెల కొట్టు, ఎవరో సైకిల్ మీద పోతూ ఉంటారు. "చూశావా? ఇంకా ఎంత దూరం నడవను?" అంటుంది.

ఇంకొంచెం అంటాను.